మూడో కృష్ణుడు

2016 డిసెంబర్‌లో రోలింగ్ స్టోన్స్ 'బ్లూ అండ్ లోన్‌సమ్' అనే ఆల్బమ్ విడుదల చేశారు. అందులో 12 పాటలు. ఒక్కటి కూడా వాళ్ళు రాసుకున్నది కాదు. లిటిల్ వాల్టర్, హౌలిన్ వుల్ఫ్ లాంటి బ్లూస్ గాయకులు ఎప్పుడో పాడేసిన పాటల్ని మూడంటే మూడు రోజుల్లో లండన్‌లో రికార్డు చేసేశారు. కొత్త స్టూడియో ఆల్బమ్ కోసం అభిమానులు అప్పటికి పదకొండేళ్ళుగా ఎదురుచూస్తున్నారు.

ఆఫీసులో నా పక్క సీటువాడు స్టోన్స్ అంటే ప్రాణం పెట్టేవాడు. ఆల్బమ్ వచ్చిన రోజు హెడ్‌ఫోన్స్ తీసి టేబుల్ మీద పడేశాడు. "పదకొండేళ్ళు ఆగితే ఇదా? ఆర్కెస్ట్రా పార్టీ వాళ్ళు చేసే పని వీళ్ళెందుకు చెయ్యాలి?" అన్నాడు. ఎదురు సీటులో ఇంకొకడు ఊరుకోలేదు. "1964లో వాళ్ళ మొదటి ఆల్బమ్ తీసి చూడు. దాదాపు అన్నీ వేరేవాళ్ళ పాటలే. వాళ్ళు పుట్టింటికి వెళ్ళారు, నీకెందుకు బాధ?" మధ్యాహ్నం భోజనాల దాకా అదే గొడవ.

నేను ఎవరి పక్షమూ తీసుకోలేదు. ఎందుకంటే ఈ గొడవ నేను అంతకుముందే ఒకసారి పడి ఉన్నాను. అది రాక్ సంగీతం గురించి కాదు, బెజవాడ వన్ టౌన్‌లో మా తాతయ్యతో. అందులో గెలిచింది నేనే అనుకున్నాను చాలాకాలం.

పడక సీనుకి ఒకడు, రాయబారానికి ఒకడు

వన్ టౌన్ అంటే పోలీసు స్టేషన్ పేరు మీద నిలిచిపోయిన పాత బెజవాడ. ఒకపక్క కృష్ణ, ఒకపక్క కొండ, ఇంకోపక్క రైలు పట్టాలు. కాళేశ్వరరావు మార్కెట్, పంజా సెంటర్, సామారంగం చౌక్, కొండ మీదికి మెట్లు మెట్లుగా ఎక్కిన ఇళ్ళు. తాతయ్య అక్కడ హోల్‌సేల్ బట్టల కొట్లో గుమాస్తా. పగలు తానులు లెక్కపెట్టి, రాత్రి ఎక్కడ నాటకం ఉందంటే అక్కడికి పోయే మనిషి. తిరునాళ్ళకీ, శ్రీరామనవమి పందిళ్ళకీ గుడివాడ, ఉయ్యూరు, తెనాలి దాకా వెళ్ళేవాడట. తెల్లారి మొదటి బస్సుకి వచ్చి, స్నానం చేసి, మళ్ళీ కొట్టుకి.

ఆయన మాటల్లో నాకు చిన్నప్పుడు అర్థం కానిది ఒకటుంది. "ఆ రాత్రి ముగ్గురు కృష్ణులు" అనేవాడు. ఒక నాటకంలో ముగ్గురు కృష్ణులేంటి?

దీని వెనక కొంత చరిత్ర ఉంది. తెలుగు పద్యనాటకం మొదట్లో సమాజాల చేతుల్లో ఉండేది. మైలవరం బాలభారతి, తెనాలి శ్రీరామ విలాస సభ లాంటివి నటుల్ని పోషించి, రిహార్సల్స్ చేయించి, ఊరూరా ఆడించేవి. ఆ సమాజాలు సన్నగిల్లాక కంట్రాక్టు నాటకాలు వచ్చాయి. కంట్రాక్టరు పేరున్న నటుల్ని విడివిడిగా మాట్లాడుకుంటాడు. దుర్యోధనుడు ఒక ఊరి నుంచి, కర్ణుడు ఇంకో ఊరి నుంచి వస్తారు. కలిసి ఒక్క రిహార్సల్ కూడా ఉండదు. మేకప్ వేసుకునే చోట నమస్కారాలు పెట్టుకుని స్టేజి ఎక్కుతారు. కృష్ణుడి పాత్రకి గిరాకీ ఎక్కువ కాబట్టి దాన్ని ముక్కలు చేస్తారు. పడక సీనుకి ఒక కృష్ణుడు, రాయబారం సీనుకి ఇంకొక కృష్ణుడు, చందా బాగా వసూలైతే మూడో కృష్ణుడు.

ఇది ఎలా సాధ్యమైంది? పద్యాలు అందరికీ ఒకటే కాబట్టి. తిరుపతి వేంకట కవులు రాసిన పాండవోద్యోగ విజయాలు అప్పటికే జనం నాలుక మీద ఉన్నాయి. ఆ జంటలో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి గారు బందరు హిందూ హైస్కూల్లో తెలుగు పండితుడు. పుస్తకం డెల్టా నడిబొడ్డున పుట్టి, పొలాల్లోకీ బట్టల కొట్లలోకీ పాకింది. మా వృత్తి భాషలో చెప్పాలంటే అదొక స్టాండర్డ్. ఎవడు ఎక్కడ నుంచి వచ్చినా దానికి తగులుకుంటాడు, నాటకం నడిచిపోతుంది.

అప్పుడు అభిమాని దేనికి అభిమాని? కథ తెలుసు. పద్యం తెలుసు. తర్వాత ఏ మాట వస్తుందో తెలుసు. తెలియనిదల్లా ఈ మనిషి ఇవాళ దాన్ని ఏ రాగంలో ఎత్తుకుంటాడు, ఎక్కడ విరుస్తాడు, ఏ అక్షరం మీద నిలబడతాడు అన్నదే. కృష్ణుడిగా పేరు తెచ్చుకున్నవాళ్ళు ఎందరో: ఏలూరు వకీలు బందా కనకలింగేశ్వరరావు, ఈలపాట రఘురామయ్య, పీసపాటి నరసింహమూర్తి, షణ్ముఖి ఆంజనేయరాజు. అందరూ పాడింది ఆ పద్యాలే. నచ్చితే ఒన్స్‌మోర్. ఇంకా నచ్చితే చదివింపులు, మెడల్సు. స్టేజి మీద చచ్చి పడిపోయినవాడు ఒన్స్‌మోర్ వినపడగానే లేచి, పద్యం మళ్ళీ పాడి, మళ్ళీ చచ్చిపోయాడన్న జోకు మనవైపు పుట్టింది ఊరికే కాదు.

అంటే, కవర్ వెర్షన్ అని మనం ఇవాళ కాస్త చిన్నచూపుతో పిలిచేదే అక్కడ కళకి నిర్వచనం. "మీ సొంత పద్యం ఏదీ?" అని ఏ కృష్ణుణ్ణీ ఎవరూ అడగలేదు.

అలాగని ఇదంతా ఏకాభిప్రాయంతో నడవలేదు. బళ్ళారి రాఘవ ఈ పాటకచేరీ మీద జీవితమంతా పోరాడాడు. నటన అంటే సంభాషణ, భావం, ముఖం. రాగాలాపనలు నాటకాన్ని చంపుతున్నాయని ఆయన వాదన. ఆయన చెప్పింది తప్పు కాదు. కానీ ఒన్స్‌మోర్ కొట్టే చేతులు నాటకం చూడ్డానికి రాలేదు, వినడానికి వచ్చాయి.

మూడు నిమిషాల ప్లేటు

గ్రామఫోన్ ఈ లెక్క మార్చింది.

స్టేజి మీద ఒక్క పద్యాన్ని ఆలాపనతో కలిపి ఎంతసేపైనా సాగదీయొచ్చు, జనం ఒప్పుకున్నంతసేపు. నిమిషానికి 78 చుట్లు తిరిగే పది అంగుళాల ప్లేటు మీద ఒక వైపున పట్టేది మూడు నిమిషాల చిల్లర. కపిలవాయి రామనాథశాస్త్రి లాంటి గాయకనటుల పద్యాలు ఆ మూడు నిమిషాల్లోకి ఒదిగి, నాటకం చేరని ఊళ్ళకి కూడా చేరాయి. కుదించడం సంగతి అలా ఉంచండి. అసలు మార్పు వేరే. స్టేజి మీద పద్యం ఏ రాత్రికి ఆ రాత్రి పుడుతుంది. ప్లేటు మీద ఎప్పుడు వేసినా అదే పద్యం. ఇలా పాడాలి అనే నమూనా ఒకటి మొదటిసారి తయారైంది.

దాని ప్రభావం తాతయ్య ఒక్క మాటలో చెప్పేవాడు. "పెద్ద పందిట్లో ఎవడో ఒకడు లేచి, ప్లేటులో ఇలా లేదే అనేవాడురా." మనిషి ఎదురుగా నిలబడి పాడుతుంటే యంత్రంతో పోల్చి తప్పు పట్టడం. ఇవాళ్టి ఫ్యాన్ పుట్టింది అక్కడేనేమో.

1948 డిసెంబర్ 1న విజయవాడలో ఆకాశవాణి కేంద్రం మొదలైంది. ఇక నాటకం ఇంట్లోకే వచ్చింది. ఆకాశవాణి 1940లోనే హార్మోనియాన్ని సంగీత ప్రసారాల నుంచి వెలివేసింది, 1971 దాకా ఆ తలుపు తెరుచుకోలేదు. మన స్టేజి పద్యానికి ఊపిరే హార్మోనియం. రేడియో ముందు కూర్చున్నవాడు ఒన్స్‌మోర్ కొట్టినా వినేవాడు లేడు. శ్రోతకి నటుడితో ఉన్న తగవు, బేరం, చనువు, అన్నీ ఒక్కొక్కటిగా తగ్గుతూ వచ్చాయి. మిగిలింది విధేయత. ఒక గొంతుకి కట్టుబడి ఉండటం.

భామ గొంతు

మా గొడవ 'మీరజాలగలడా' దగ్గర మొదలైంది.

ముత్తరాజు సుబ్బారావు గారి 'శ్రీకృష్ణ తులాభారం' నాటకంలో సత్యభామగా స్థానం నరసింహారావు (1902–1971) ఆంధ్రదేశాన్ని ఊపేశాడు. బాపట్లలో పుట్టి తెనాలి శ్రీరామ విలాస సభలో పేరు తెచ్చుకున్న మగమనిషి, స్టేజి మీద నడిచొస్తుంటే ఆడవాళ్ళు ఆ నడక చూసి నేర్చుకున్నారని చెప్పుకునేవాళ్ళు. 1956లో పద్మశ్రీ వచ్చింది. కృష్ణుడు నా మాట దాటగలడా అని భామ ధీమాగా పాడుకునే ఆ పాట ఆయన పేరుతో ముడిపడిపోయింది.

1966లో డి. రామానాయుడు నిర్మాతగా, కమలాకర కామేశ్వరరావు దర్శకత్వంలో 'శ్రీకృష్ణ తులాభారం' సినిమా వచ్చింది. ఎన్టీఆర్ కృష్ణుడు, జమున సత్యభామ. సంగీతం పెండ్యాల నాగేశ్వరరావు, మన కృష్ణా జిల్లావాడే, నాటకాల హార్మోనియం తెలిసినవాడు. ఆ పాటని సినిమాలోనూ ఉంచారు. పాడింది పి. సుశీల. ఇవాళ ఆ పాట అంటే నూటికి తొంభైమందికి గుర్తొచ్చేది జమున వాలుజడ, సుశీల గొంతు.

తాతయ్య ఆ సినిమా చూశాడు. పాట వస్తుంటే లేచి బయటికి వచ్చి సోడా తాగాడట. "సుశీలమ్మ గొంతులో తేనె ఉంది, భామ లేదు" అనేవాడు. టీవీలో ఆ పాట వస్తే ఛానెల్ మార్చమనేవాడు.

ఇంజినీరింగ్ మూడో సంవత్సరంలో ఉన్నాను. అప్పుడప్పుడే ఇంటర్నెట్‌లో పాత రికార్డులు దొరకడం మొదలైంది. నాకు ఆవేశం ఎక్కువ. స్థానం నరసింహారావు పాతది, సుశీల కొత్తది పక్కపక్కన పెట్టి విన్నాను. నిజానికి రెండూ వేర్వేరు పనులు చేస్తున్నాయి. స్టేజి మీది భామకి మైకు నమ్మకం లేదు. చివరి వరుసలో గోనెపట్టా మీద కూర్చున్నవాడికి కూడా తన గర్వం చేరాలి. అందుకని ప్రతి మాటనీ విసురుతుంది. సినిమా భామకి మైకు చెవి పక్కనే ఉంది, కెమెరా కనుబొమ మీద ఉంది. గర్వాన్ని గొంతులో సగం దాచుకుని మిగతా సగం జమునకి వదిలేయొచ్చు. సుశీల చేసింది అదే. స్థానాన్ని అనుకరించలేదు, ఓడించాలనీ చూడలేదు. పాటని ఒక గది నుంచి ఇంకో గదికి మార్చింది.

ఇదంతా తాతయ్యకి చెప్పాను. ఆయన వినలేదు. "అసలు అసలే" అన్నాడు.

అప్పుడు నేను నా దగ్గరున్న ముక్క తీశాను. ఆ పాట అసలు నాటకంలోదే కాదు. సుబ్బారావు గారు రాసిందీ కాదు. స్థానం వారు తానే రాసుకుని చేర్చుకున్నది. "నువ్వు అసలు అంటున్నదే మూలానికి అతుకు తాతయ్యా. అయినా నువ్వు స్థానం వారిని తులాభారంలో ఎన్నిసార్లు చూశావు?"

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత చెప్పాడు. ఒక్కసారి కూడా చూడలేదు. ప్లేటు విన్నాడు. ఆయన మొదట ఆ పాట విన్నది తన పన్నెండో ఏట, అమ్మమ్మగారి ఊరి తిరునాళ్ళలో, పేరు కూడా గుర్తులేని ఒక నటుడి నోట. పెట్రోమాక్స్ లైట్ల కింద. ఆ నటుడికి జలుబు చేసి ఉందట.

నేను నవ్వాను. గెలిచాను అనుకున్నాను. తాతయ్య 'అసలు' అంటూ జీవితాంతం కాపలా కాసింది ఒక కవర్ వెర్షన్‌కి, అదీ జలుబు గొంతుది.

ఘంటసాల తర్వాత

ఇది ఒక్క తులాభారం సంగతి కాదు. గుడివాడ పక్కన చౌటపల్లిలో పుట్టిన ఘంటసాల వెంకటేశ్వరరావు 1967లో 'శ్రీకృష్ణావతారం' సినిమాలో ఎన్టీఆర్‌కి ఆ తిరుపతి వేంకట కవుల పద్యాలే పాడాడు. దశాబ్దాల తరబడి ఎందరో కృష్ణులు తలా ఒక రకంగా పాడుకున్న పద్యాలకి ఒక్కసారిగా ఒకే గొంతు స్థిరపడింది. ఘంటసాల పద్యం పాడే పద్ధతిలో ముందు మాట వినపడుతుంది. సమాసం ఎక్కడ విరగాలో అక్కడే విరుగుతుంది. రాగం మాటని మోస్తుంది కానీ మింగదు. సాగదీత తక్కువ. స్టేజి అభిమానులకి ఇది లోటుగా వినపడింది. "పద్యం చదివాడు, పాడలేదు" అనేవాళ్ళట. పదేళ్ళు తిరిగేసరికి సంగతి తలకిందులైంది. స్టేజి నటులే ఘంటసాల బాణీలో పాడటం మొదలుపెట్టారు, ఎందుకంటే జనం అదే అడిగారు. నేను చూసిన రెండు మూడు పద్యనాటకాల్లో కృష్ణుడు పద్యం ఎత్తుకుంటే ఆ వెనక ఘంటసాల స్పష్టంగా వినపడ్డాడు. కవర్ వెర్షన్ అసలైంది. అసలు, దానికి నకలు అయ్యింది.

1974 ఫిబ్రవరిలో ఘంటసాల పోయాక ఆ గొంతు చుట్టూ ఇంకో కాపలా మొదలైంది. బెజవాడలో ప్రభుత్వ సంగీత కళాశాలకి ఆయన పేరు పెట్టుకున్నాం. ఆయనలా పాడేవాళ్ళని నెత్తిన పెట్టుకున్నాం, ఆయనలా పాడనివాళ్ళని తిట్టుకున్నాం.

మా నాన్న కథ ఇక్కడిది. ఎనభైల చివర్లో వన్ టౌన్‌లో ఒక క్యాసెట్ కొన్నాడు. అట్ట మీద ఘంటసాల బొమ్మ పెద్దగా ఉంది. ఇంటికి తెచ్చి వేస్తే వేరే ఎవరో పాడుతున్నారు. అట్ట లోపలి మడతలో చీమ తలకాయంత అక్షరాల్లో ఆ గాయకుడి పేరు. తిరిగి ఇవ్వడానికి వెళ్తే కొట్టువాడు "పాటలు అవేగా సార్" అన్నాడట.

పాటలు అవేగా! చట్టం కూడా అప్పట్లో సుమారు అదే అంది. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం ఒక పాట రికార్డయిన రెండేళ్ళ తర్వాత, నోటీసిచ్చి రాయల్టీ కట్టి, ఎవరైనా దాన్ని మళ్ళీ రికార్డు చేసుకోవచ్చు. ఎనభైల్లో టీ-సిరీస్ లాంటి కంపెనీలు ఉత్తరాదిన ఈ దారిలోనే ఎదిగాయి. పాత సూపర్‌హిట్లు, కొత్త గొంతులు, చవక క్యాసెట్లు. 2012 సవరణలో ఆ గడువు ఐదేళ్ళైంది. దాంతో పాటు, అట్ట మీద పాత గాయకుడి పేరూ బొమ్మా వేసి కొనేవాణ్ణి మభ్యపెట్టకూడదనీ, ఇది కవర్ వెర్షన్ అని రాసి తీరాలనీ చెప్పారు. నాన్న క్యాసెట్‌కి పాతికేళ్ళు ఆలస్యంగా దొరికిన న్యాయం.

ఈ తరం కవర్ వెర్షన్లు ఇంకో రకం. 'యమగోల' (1977) పాటని 'యమదొంగ' (2007)లో, 'గ్యాంగ్ లీడర్' (1991) వాన పాటని 'రచ్చ' (2012)లో రీమిక్స్ చేశారు. తాత పాటకి మనవడు, తండ్రి పాటకి కొడుకు స్టెప్పులు వేశారు. థియేటర్లో కాగితాలు ఎగిరాయి. ఇక్కడ అభిమానుల్లో చాలామందికి పాట చెడిందా బాగుపడిందా అన్నది ప్రశ్నే కాదు. అది వారసత్వం చేతులు మారిన వేడుక. పాడిందెవరు, బాణీ కట్టిందెవరు అని ఒన్స్‌మోర్ కొట్టినవాళ్ళలో ఎందరికి గుర్తుందో.

గుర్తు చేసిన సందర్భం 2017 మార్చిలో వచ్చింది. ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం యాభై ఏళ్ళ పాటల ప్రయాణాన్ని అమెరికాలో కచేరీలుగా చేస్తుంటే, తన పాటలు అనుమతి లేకుండా పాడొద్దని ఇళయరాజా తరఫు నుంచి లాయరు నోటీసు వెళ్ళింది. బాలు ఆ పాటలు పక్కన పెట్టేసి కచేరీలు కొనసాగించాడు. తన గొంతుతో లోకానికి తెలిసిన పాటనే ఆయన పాడకూడదు! అక్కడి తెలుగువాళ్ళ ఇళ్ళలో ఆ నెలంతా ఇదే చర్చ. బాలు పాడకపోతే ఆ పాటలెక్కడివి అని ఒకరు, కట్టినవాడు లేకపోతే ఏం పాడేవాడు అని ఒకరు. రెండేళ్ళకి వాళ్ళిద్దరూ మళ్ళీ ఒకే వేదిక ఎక్కారు. ప్రశ్న మాత్రం దిగలేదు. పాట ఎవరిది?

కాటి సీను

తాతయ్యతో గొడవలో గెలిచానని అన్నాను కదా. తర్వాత సంక్రాంతి సెలవుల్లో నేను ఇంకో ముక్క పట్టుకుని ఇంటికి వెళ్ళాను.

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి 'సత్య హరిశ్చంద్రీయం' తాతయ్యకి కంఠతా వచ్చు. అన్నిటికంటే కాటి సీను. రాజ్యం పోయి, వీరబాహుడి దగ్గర కాటికాపరిగా పనికి కుదిరిన హరిశ్చంద్రుడు శ్మశానంలో నిలబడి పాడే పద్యాలు. అర్ధరాత్రి దాటాక వచ్చే ఆ సీను కోసమే జనం నిద్ర ఆపుకునేవాళ్ళు. తాతయ్య వాకిట్లో మంచం మీద పడుకుని ఆ పద్యాలు గొంతెత్తితే పక్కింటివాళ్ళు రేడియో తగ్గించేవాళ్ళు.

ఆ పద్యాల్లో జనం ఎక్కువగా ఒన్స్‌మోర్ కొట్టినవి బలిజేపల్లి వారివి కావు. గుర్రం జాషువావి. ఆయన ఖండకావ్యంలోని శ్మశానవాటి పద్యాలని, సందర్భానికి సరిగ్గా అతుకుతున్నాయని, నటులే తెచ్చి కాటి సీనులో కలుపుకున్నారు. చావు ముందు రాజూ పేదా ఒకటే అన్న భావం హరిశ్చంద్రుడి నోట ఎంత సహజంగా ఉందంటే, అవి నాటకంలోవి కావని ఎవరికీ అనిపించలేదు.

వినుకొండలో దళితుడిగా పుట్టిన జాషువా కులం పేరుతో ఎన్ని అవమానాలు పడ్డాడో ఆయనే రాసుకున్నాడు. కొన్ని సభల్లో పద్యం మెచ్చి, కవి కులం తెలియగానే ముఖం తిప్పుకున్నవాళ్ళున్నారు. చెళ్ళపిళ్ళ వారు స్వయంగా ఆయన కాలికి గండపెండేరం తొడిగిన సంగతీ చరిత్రలో ఉంది. కృష్ణుడి పద్యాలు రాసిన చేతులు కాటి పద్యాలు రాసిన పాదాన్ని తాకాయి. కానీ ఆ సంగతి సాహిత్య సభల్లో తెలుసు, పందిట్లో తెలియదు. పందిట్లో ఆయన పద్యానికి మెడల్సు పడుతున్నప్పుడు ఆయన పేరు ఎవరూ పలకలేదు. కాటికాపరి వేషం వేసిన రాజుకి చప్పట్లు, ఆ మాటలు ఇచ్చిన మనిషికి అసలు ప్రవేశమే లేదు.

ఇదే కవర్ వెర్షన్‌కి ఉన్న అసలు చీకటి వైపు. బాగా పాడలేదన్నది చిన్న ఫిర్యాదు. చాలా బాగా పాడటం వల్ల రాసినవాడు మాయమైపోవడం పెద్దది. స్టోన్స్ కూడా దీనికి అతీతులు కారు. 1969లో రాబర్ట్ జాన్సన్ పాటని ఆయన పేరు లేకుండా తమ ఆల్బమ్ మీద వేశారు, తర్వాత ఆ పాట హక్కుల మీద కోర్టులో కేసు నడిచింది. 2016 ఆల్బమ్‌లో మాత్రం ప్రతి పాట కిందా రాసినవాళ్ళ పేర్లు ఉన్నాయి. నా పక్క సీటువాడు ఆర్కెస్ట్రా పార్టీ అన్నాడు కానీ, ఆ పేర్లు చూసి లిటిల్ వాల్టర్‌ని మొదటిసారి వెతుక్కుని విన్నవాళ్ళలో నేనూ ఒకణ్ణి. పుట్టింటికి వెళ్ళడం అంటే అడ్రస్ చెప్పి వెళ్ళడం.

ఆ సంక్రాంతికి తాతయ్యకి చెప్పాను. ఈసారి కూడా గెలుపు ధీమాతోనే.

"జాషువానా? గబ్బిలం జాషువా?" అన్నాడు.

"ఆయనే."

చాలాసేపు మాట్లాడలేదు. నలుగురు హరిశ్చంద్రుల్ని ఊపిరి తీసుకునే తీరును బట్టి గుర్తుపట్టగలిగిన మనిషి. అరవై ఏళ్ళుగా పాడుతున్నాడు. పద్యం ఎవరిదో తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనిపించలేదు. అది ఆయన తప్పో, ఆయన చుట్టూ ఉన్న పందిరి తప్పో నేను తేల్చలేను. నాకైతే మొదటిసారి గెలిచినట్టు అనిపించలేదు.

రాత్రి అన్నాలయ్యాక వాకిట్లోంచి గొంతు వినపడింది. అవే పద్యాలు. కానీ రాగం లేదు. ఆలాపన లేదు, సాగదీత లేదు. స్కూల్లో పిల్లాడు పుస్తకం చదివినట్టు, ఒక్కొక్క మాటా విడదీసి, ఆగి ఆగి చదువుతున్నాడు. నేను బయటికి వెళ్తే చెయ్యెత్తి ఆపాడు.

"ఉండు. ఇన్నాళ్ళూ పాడాను గానీ వినలేదు."

పక్కింట్లో ఎవరో రేడియో తగ్గించారు.